పిల్లల మొహం చూసి ఎంతకాలం? కాపురం విడిచే ముందు ఆలోచించాల్సినవి

రెండు బ్యాగులు, ఇద్దరు పిల్లలు, ఒక తల్లి. చిత్తూరు బస్టాండులో మదనపల్లె బస్సు ఎక్కుతుంది. పుట్టింటి గడప తొక్కగానే అమ్మీ ఏడుస్తుంది, అబ్బా మాట్లాడడు, భాయ్ ఫోన్ తీసుకొని బయటికి పోతాడు. మొదటి వారం అందరూ అల్లుణ్ని తిడతారు. రెండో వారానికి మాట మారుతుంది. "పిల్లల మొహం చూసి సర్దుకో బేటీ, సబర్ చెయ్యి" అంటారు. మూడో వారం పిల్లాడి స్కూల్ నుంచి ఫోన్ వస్తుంది, ఇన్ని రోజులు రాకపోతే ఎట్లా అని. నెల తిరక్కముందే అవే బ్యాగులతో తిరుగు బస్సు.

ఇట్లా ఆరేడుసార్లు పోయి వచ్చిన ఆడపిల్లలు తిరుపతి, చిత్తూరు, పలమనేరు, పుంగనూరు మొహల్లాల్లో ఎవరికీ కొత్త కాదు. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, పోవడమూ నిర్ణయం కాదు, తిరిగి రావడమూ నిర్ణయం కాదు. కోపం వచ్చినప్పుడు పోయారు, డబ్బులు అయిపోయినప్పుడో బంధువులు నలుగురూ అన్నప్పుడో వచ్చారు. మధ్యలో అసలు ప్రశ్న అట్లాగే ఉండిపోయింది. ఈ కాపురం నిలుస్తుందా? నిలవకపోతే పిల్లలు ఏమవుతారు?

ఈ ప్రశ్నకు బయటివాళ్లు జవాబు చెప్పలేరు. కానీ దీన్ ఏం చెబుతోంది, చట్టం ఏం ఇస్తోంది, పిల్లల మీద దేని ప్రభావం ఎంత అన్నవి తెలిస్తే నిర్ణయం భయం మీద కాకుండా ఆలోచన మీద నిలబడుతుంది.

సబర్ అంటే దెబ్బలు తినడం కాదు

విడాకుల మాట ఎత్తగానే మన ఇళ్లల్లో వినిపించేది "హలాల్ పనుల్లో అల్లాహ్‌కు అన్నిటికంటే ఇష్టం లేనిది తలాక్" అనే మాట. దాని ఉద్దేశం మంచిదే, తొందరపడొద్దని. అయితే అదే దీన్‌లో తలాక్ గురించి పేరు పెట్టి ఒక సూరానే ఉంది. సూరా బఖరాలో వరసగా ఎన్నో ఆయతులు విడిపోయే పద్ధతి గురించే ఉన్నాయి. నిషేధించాల్సిన పని అయితే ఇంత వివరంగా పద్ధతి చెప్పే అవసరం ఉండేది కాదు. బఖరా 231వ ఆయత్ సారం చూడండి: ఉంచుకుంటే మంచిగా ఉంచుకోండి, లేదంటే మంచిగా సాగనంపండి, బాధపెట్టడానికి మాత్రం ఆపి ఉంచకండి. ఏలుకోకుండా, వదలకుండా సంవత్సరాల తరబడి వేలాడదీయడం మన దగ్గర మామూలు విషయం అయిపోయింది. ఈ ఆయత్ ఆ అలవాటునే తప్పు పడుతోంది.

ప్రవక్త (స) కాలంలో సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య వచ్చి, ఆయన దీన్‌లో గానీ నడవడిలో గానీ తప్పు లేదు, నాకే ఆయనతో కుదరడం లేదు అని చెప్పుకున్నారు. మెహర్‌గా ఇచ్చిన తోట తిరిగి ఇస్తావా అని ప్రవక్త (స) అడిగారు. ఇస్తానన్నారు. విడదీశారు. బుఖారీలో ఉన్న సంగతి ఇది. ఖులాకు పునాది ఇదే. "కొట్టాడా? తాగాడా? ఇంకేం తక్కువ?" అని ఆడపిల్లను నిలదీసే పెద్దలు ఈ ఘటనను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

బరీరా (రజి) సంగతి కూడా హదీసుల్లో ఉంది. ఆమె విడిపోయింది, భర్త ముగీస్ ఆమె వెనకే మదీనా వీధుల్లో ఏడుస్తూ తిరిగేవాడు. ప్రవక్త (స) ఆమెతో మళ్లీ ఆలోచించమన్నారు. ఇది ఆజ్ఞా అని ఆమె అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అన్నారు. అయితే నాకు అక్కర్లేదు అంది. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. మన పంచాయితీల్లో సిఫారసు, ఆజ్ఞ ఒకటే అయిపోవడం పెద్ద చిక్కు.

పిల్లలకు దేనితో ఎక్కువ దెబ్బ?

"పిల్లల కోసం" అనే మాటలో నిజం ఉంది. తల్లి ఒకచోట, తండ్రి ఒకచోట అయితే పిల్లలకు కష్టమే. డబ్బు తగ్గుతుంది, ఇల్లు మారుతుంది, స్కూల్ మారుతుంది. పెళ్లి సంబంధాల దగ్గర మాట వస్తుందని పెద్దవాళ్లు భయపడేది కూడా ఉత్త భయం కాదు.

కానీ అన్ని కాపురాలూ ఒకటి కాదు. అమెరికాలో పాల్ అమాటో, అలన్ బూత్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లపాటు అవే కుటుంబాలను గమనించి 1997లో పుస్తకం తెచ్చారు. వాళ్లకు తేలింది ఇది: ఎప్పుడూ గొడవలు, కొట్లాటలు ఉన్న ఇళ్లలో తల్లిదండ్రులు విడిపోతే పిల్లలు తర్వాత కాస్త మెరుగ్గానే ఉన్నారు. పెద్దగా గొడవ లేని ఇళ్లలో, ఏదో అసంతృప్తితో విడిపోయినప్పుడు పిల్లలు ఎక్కువ దెబ్బ తిన్నారు. వాళ్లకు అది పిడుగు పడినట్టు ఉంటుంది కదా. అక్కడి కుటుంబాలు వేరు, మన ఉమ్మడి ఇళ్లు వేరు. అయినా ఈ తేడా మనకూ పనికొస్తుంది. పిల్లాడికి నిద్రలో అరుపులు వినపడుతున్నాయా? అమ్మ చేతి మీద మచ్చ చూసి ఏమీ అడగకుండా ఊరుకుంటున్నాడా? అబ్బా బండి శబ్దం వినగానే పుస్తకం మూసి మూలకు పోతున్నాడా? అయితే "పిల్లల కోసం" కలిసి ఉండటం పిల్లల కోసం కాకుండా పోయింది.

అందుకని ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న "సంతోషంగా ఉన్నానా" అని కాదు, "ఈ ఇంట్లో ఎవరికైనా ప్రమాదం ఉందా" అని. కొట్టడం, గొంతు పట్టుకోవడం, చంపుతానని బెదిరించడం, పిల్లల మీద చెయ్యి చేసుకోవడం ఉంటే పంచాయితీలు, మధ్యవర్తులు తర్వాత. ముందు అక్కడి నుంచి బయటపడాలి. ఆపదలో 112, మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లల కోసం 1098. వన్ స్టాప్ సెంటర్‌లో కొద్దిరోజుల బస, వైద్యం, పోలీసు, వకీలు సాయం ఒకేచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం అన్ని మతాల ఆడవాళ్లకూ వర్తిస్తుంది. దీని కింద విడాకులు అడగకుండానే రక్షణ ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు, పిల్లల తాత్కాలిక కస్టడీ అడగొచ్చు. ఇల్లు అత్తగారి పేరు మీద ఉన్నా, మామగారి పేరు మీద ఉన్నా ఉత్త చేతులతో బయటికి గెంటడానికి వీల్లేదు.

ప్రమాదం లేదు, కానీ సుఖం లేదు అన్న ఇళ్లు ఇంకో రకం. మామిడి సీజన్‌లో చేతినిండా పని, తర్వాత ఖాళీ, అప్పులు, అత్తాకోడళ్ల మాటలు, మొగుడు ఫోన్ పట్టుకుంటే లోకం తెలియకపోవడం. ఇందులో సగం కష్టం మనిషిది కాదు, పరిస్థితిది. అప్పు తీరితే, వేరు కాపురం పెడితే తగ్గే గొడవ ఏది, ఏం మారినా తగ్గని గొడవ ఏది అని విడదీసి చూసుకోవాలి. తాగుడు ఉంటే అది జబ్బు కూడా. తిరుపతి రుయా లాంటి పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లొచ్చు. టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. చికిత్సకు వస్తాడా రాడా అన్నదే చాలా విషయాలు చెబుతుంది.

పంచాయితీ ఎట్లా ఉండాలి

నిసా సూరా 35వ ఆయత్ ప్రకారం అతని వైపు నుంచి ఒకరు, ఆమె వైపు నుంచి ఒకరు మధ్యవర్తులుగా కూర్చోవాలి. ఇద్దరే. మన దగ్గర జరిగేది వేరు. పదిహేను మంది మొగవాళ్లు కుర్చీల్లో, ఆడపిల్ల లోపల తలుపు చాటున, ఆమె తరఫున మామూ అరుస్తుంటాడు, వీళ్ల తరఫున పెద్దనాన్న అరుస్తుంటాడు. ఆమెకు నిజంగా ఏం కావాలో ఆ గదిలో ఎవరికీ తెలియదు. చివరికి టీ తాగి "ఇకమీదట ఇట్లా జరగదు" అని ఒక మాట తీసుకొని లేస్తారు.

పనికొచ్చే పంచాయితీ చిన్నదిగా ఉంటుంది. ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడతారు. "మారతాను" అంటే ఏం మారుతుందో రాసుకుంటారు. నెలకు ఇంటి ఖర్చుకు ఎంత ఇస్తాడు, తాగుడు మానడానికి ఏ ఆసుపత్రికి ఎప్పుడు పోతాడు, ఆమె పుట్టింటికి ఫోన్ చేసుకోవచ్చా, అన్నీ. మూడు నెలలు గడువు పెడతారు. గడువు అయ్యాక మళ్లీ కూర్చుంటారు. ఈ చివరి పని చేసే జమాత్‌లు తక్కువ. చేసిన చోట మాత్రం కాపురం నిలిచేదీ లేనిదీ త్వరగానే తేలిపోతుంది.

ఇంకొక సంగతి. నూరు రూపాయల స్టాంపు పేపర్ మీద రాసుకున్న ఒప్పందంతో విడాకులు పూర్తయినట్టు చాలామంది అనుకుంటారు. ఇద్దరి మధ్య ఏం మాట్లాడుకున్నారో చెప్పే సాక్ష్యంగా అది పనికొస్తుంది. కానీ "పిల్లల ఖర్చు అడగను" అని తల్లి సంతకం పెట్టినంత మాత్రాన పిల్లల హక్కు పోదు. ఆ హక్కు ఆమెది కాదు, పిల్లలది.

దారులు ఎన్ని

భర్త ఇచ్చేది తలాక్. ఒకేసారి మూడుసార్లు చెప్పే పద్ధతిని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2019 చట్టం దాన్ని నేరం చేసింది, మూడేళ్ల దాకా జైలు. నోటితో అన్నా, కాగితం మీద రాసినా, వాట్సాప్‌లో పంపినా అది చెల్లదు, నికాహ్ అట్లాగే ఉంటుంది. ఈ చట్టం కింద ఆమె తనకూ పిల్లలకూ జీవన భత్యం అడగొచ్చు, మైనర్ పిల్లల కస్టడీ కోరొచ్చు. ఫిర్యాదు ఇవ్వాల్సింది ఆమె గానీ, ఆమె రక్తసంబంధీకులు, వివాహబంధువులు గానీ. ఆమె ఒప్పుకుంటే కేసు రాజీ కూడా అవుతుంది.

సరైన పద్ధతిలో తలాక్ అంటే, భార్య శుచిగా ఉన్న రోజుల్లో ఒక్కసారి చెప్పి, ఇద్దత్ అంతా ఆగడం. ఆ రోజుల్లో ఆమెను ఇంట్లోంచి పంపేయకూడదని సూరా తలాక్ మొదట్లోనే ఉంది. మూడు నెలలు ఒకే కప్పు కింద, పిల్లలు ఇద్దరి మధ్య తిరుగుతుంటారు. మనసు మారితే తిరిగి కలిసిపోవచ్చు. తొందరపాటుకు అంతకంటే మంచి మందు కనపడదు. 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు కూడా తలాక్‌కు సరైన కారణం ఉండాలని, అంతకు ముందు రెండు వైపుల మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం జరగాలని చెప్పింది.

భార్య కోరేది ఖులా. ఇక్కడే మన ప్రాంతంలో పెద్ద చిక్కు. "భర్త ఒప్పుకోకపోతే ఖులా లేదు" అని చెప్పి ఏళ్ల తరబడి తిప్పుతారు. దీని మీద 2025 జూన్ 24న తెలంగాణ హైకోర్టులో జస్టిస్ మౌషుమీ భట్టాచార్య, జస్టిస్ బి.ఆర్. మధుసూదన్ రావుల బెంచ్ తీర్పు ఇచ్చింది. ఆ కేసులో భర్త ఖులాకు ఒప్పుకోలేదు. ఆమె ఒక షరయీ కౌన్సిల్‌ను ఆశ్రయించింది, వాళ్లు ఖులానామా ఇచ్చారు. అది చెల్లదని భర్త ఫ్యామిలీ కోర్టుకు పోయి ఓడాడు, హైకోర్టులోనూ ఓడాడు. ఖులా కోరే హక్కు భార్యకు సంపూర్ణంగా ఉందని, భర్త ఒప్పుకోలు మీద అది ఆధారపడదని కోర్టు చెప్పింది. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పింది. ముఫ్తీ గానీ, దారుల్ ఖజా గానీ ఇచ్చే ఖులానామా సలహా మాత్రమే, దానికి చట్టం ముందు తిరుగులేని బలం లేదు. కోర్టు ముద్ర పడాలంటే ఫ్యామిలీ కోర్టుకు రావాలి. అక్కడ పెద్ద విచారణ అక్కర్లేదు. ఆమె నిజంగా ఖులా కోరిందా, రాజీకి ప్రయత్నం జరిగిందా, మెహర్ తిరిగి ఇస్తానందా అని చూస్తే చాలు.

హైకోర్టులు 2019 జనవరి 1న వేరయ్యాయి కాబట్టి ఈ తీర్పు తిరుపతి, చిత్తూరు కోర్టులను కట్టిపడేయదు. కానీ వకీలు దాన్ని చూపించి వాదించొచ్చు. కేరళ హైకోర్టు 2021లో ఇదే దారిలో తీర్పు ఇచ్చింది. వేలూరు, ఆంబూరు, వాణియంబాడి వైపు సంబంధాలు చేసుకున్న చిత్తూరు కుటుంబాలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2023లో మద్రాస్ హైకోర్టు జమాత్‌లాంటి ప్రైవేటు సంస్థ ఇచ్చిన ఖులా సర్టిఫికెట్ చెల్లదని చెప్పి, ఫ్యామిలీ కోర్టుకే పొమ్మంది. మూడు కోర్టుల మాటా కలిపి చూస్తే ఒకటి ఖాయం: మళ్లీ నికాహ్ చేసుకోవాలన్నా, పిల్లల కాగితాల దగ్గర ఇబ్బంది లేకుండా ఉండాలన్నా, జమాత్ కాగితంతో ఆగిపోకూడదు.

ఖులాలో మెహర్ వదులుకోవాల్సిందేనా? తప్పు భర్తదైతే అతను తీసుకోవడం మంచిది కాదని హనఫీ ఫిఖ్‌హ్ పుస్తకాలే చెబుతున్నాయి. బేరం ఆడే చోట ఈ మాట ఎవరూ ఎత్తరు, ఎత్తాలి.

ఇద్దరికీ ఇష్టమై విడిపోతే ముబారాత్. గొడవ లేకుండా, పిల్లల ఖర్చు, కలిసే రోజులు ముందే రాసుకొని ఫ్యామిలీ కోర్టులో చెప్పుకోవచ్చు. పిల్లలున్న ఇళ్లకు ఇంతకంటే నెమ్మదైన దారి లేదు.

భర్త ఏ దారికీ రాకపోతే 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఉంది. దీన్ని బయటివాళ్లు రుద్దిన చట్టం అనుకునేవాళ్లకు ఒక మాట. భర్త దిక్కు లేకుండా పోతే ఆడవాళ్లకు దారి లేక ఇబ్బంది పడుతున్నారని, మాలికీ ఫిఖ్‌హ్ ఆధారంగా వెసులుబాటు చూపిస్తూ 1930ల మొదట్లో పుస్తకం రాసింది మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ గారు. చట్టానికి దారి అక్కడ పడింది. భర్త నాలుగేళ్లుగా ఆచూకీ లేకపోయినా, రెండేళ్లు పోషించకపోయినా, ఏడేళ్లు అంతకుమించి జైలు శిక్ష పడినా, సరైన కారణం లేకుండా మూడేళ్లు కాపురం చెయ్యకపోయినా, క్రూరంగా చూసినా ఆమె కోర్టులో విడాకులు అడగొచ్చు. క్రూరత్వం అంటే కొట్టడమే కానక్కర్లేదు, ప్రవర్తనతో బతుకు నరకం చెయ్యడమూ అందులోకే వస్తుంది. ఆమె ఆస్తి అమ్మేయడం, ఇద్దరు భార్యల్లో ఒకరిని సమానంగా చూడకపోవడం కూడా కారణాలే.

ఇవేవీ వద్దు, తలాక్ మాట నోటికి రాదు అనేవాళ్లకు మరో దారి ఉంది. విడాకులు లేకుండా వేరుగా ఉండి పోషణ అడగడం. భర్త రెండో పెళ్లి చేసుకుంటే, వేరుగా ఉండడానికి అది న్యాయమైన కారణమని చట్టంలోనే రాసి ఉంది. పిల్లలు పదో తరగతి దాటేదాకా ఇట్లా గడిపేవాళ్లు మన ఊళ్లలో చాలామందే. అది ఓటమి కాదు.

పిల్లలు ఎవరి దగ్గర

భయపెట్టే మాట ఒకటే: "పో, పిల్లలు మావాళ్లు, నీకు ఇవ్వం." హనఫీ పద్ధతిలో చిన్నపిల్లలను పెంచే హక్కు, అంటే హిజానత్, తల్లిది. మగపిల్లాడు ఏడేళ్ల దాకా, ఆడపిల్ల యుక్తవయసు వచ్చేదాకా. తండ్రి వలీ, ఖర్చు అతనిది. కోర్టుకు పోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం జడ్జి చూసేది పిల్లల మేలు. వయసు, ఆడా మగా, మతం, పెంచే మనిషి నడత, పిల్లలు చెప్పగలిగే వయసు వస్తే వాళ్ల ఇష్టం, అన్నీ చూస్తారు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే హిజానత్ పోతుందని ఫిఖ్‌హ్‌లో ఉన్నా, కోర్టు లెక్క చూడకుండా పిల్లలను లాక్కోదు. తల్లికి సంపాదన లేదన్నది కూడా పిల్లలను తీసేసుకోవడానికి చాలదు. సంపాదన ఉన్నవాడు ఖర్చు ఇవ్వాలి, అంతే.

తండ్రులకూ ఒక మాట. ఖర్చు ఇస్తున్నా పిల్లలను చూపించడం లేదని బాధపడే అబ్బాలు తక్కువ కాదు. 2020లో యశిత సాహు కేసులో సుప్రీంకోర్టు, తల్లిదండ్రులిద్దరి ప్రేమా పిల్లల హక్కు అని, కలవడానికి వీల్లేని చోట వీడియో కాల్ అయినా ఉండాలని చెప్పింది. కువైట్‌లో ఉన్న తండ్రికి ఇది పనికొచ్చే తీర్పు. అందుకని స్కూల్ గేటు దగ్గర నుంచి పిల్లాణ్ని ఎత్తుకుపోవద్దు. అట్లా చేసిన తండ్రికి కోర్టులో మొదటి రోజే చెడ్డపేరు వస్తుంది.

మదనపల్లె, రాయచోటి వైపు ఇంకో రకం ఇళ్లున్నాయి. తల్లే కువైట్‌లో ఇంటిపనికి పోయింది, పిల్లలు నానీ దగ్గర. తండ్రి పిల్లలు నావి అని వస్తాడు. ఇక్కడ కోర్టు అడిగేది, ఇన్నేళ్లు పిల్లాడికి జ్వరం వస్తే ఎవరు చూశారు, ఫీజు ఎవరు కట్టారు అని. తల్లి పంపిన డబ్బు రసీదులు, నానీ పేరుతో ఉన్న స్కూల్ కాగితాలు అక్కడ మాట్లాడతాయి.

డబ్బు సంగతి

చాలా నిర్ణయాలు ఇక్కడే ఆగిపోతాయి, అందుకని దాచకుండా చెప్పుకోవాలి. విడాకులైన ముస్లిం మహిళకు ఇద్దత్ మూడు నెలల ఖర్చు తప్ప ఏమీ రాదని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. 2001లో డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు, ఇద్దత్ లోపలే ఆమె ముందు జీవితానికి సరిపడా ఏర్పాటు చెయ్యాలని చెప్పింది. 2024 జులై 10న మన పక్క నుంచే వెళ్లిన కేసు, మహమ్మద్ అబ్దుల్ సమద్ వర్సెస్ తెలంగాణ ప్రభుత్వం. అందులో ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 మధ్యంతర భరణం ఇవ్వమంది, హైకోర్టు దాన్ని 10,000 చేసింది. 1986 చట్టం ఉంది కాబట్టి 125 సెక్షన్ మాకు వర్తించదు అని భర్త సుప్రీంకోర్టుకు పోయాడు. వర్తిస్తుందని జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ తేల్చారు. పాత 125 సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 144 అయింది.

పిల్లల సంగతి ఇంకా ముందే తేలింది. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో, తండ్రి దగ్గర స్తోమత ఉంటే పిల్లలు మేజర్ అయ్యేదాకా, ఆడపిల్లలకు పెళ్లయ్యేదాకా పోషించాల్సిందే అని సుప్రీంకోర్టు చెప్పింది. భరణం కేసు ఆమె ప్రస్తుతం ఉన్న ఊళ్లోనే వెయ్యొచ్చు, భర్త ఊరికి పోనక్కర్లేదు. 2020 నుంచి ఇద్దరూ ఆదాయం, ఆస్తి, అప్పుల అఫిడవిట్ ఇవ్వాలి. భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క కడతారు, అందుకే ఆలస్యం చేస్తే నష్టం ఆమెకే.

ఉత్తర్వు రావడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. గల్ఫ్‌లో ఉన్నవాడి నుంచి వసూలు కష్టం. ఇక్కడ అతని పేరు మీద ఇల్లో స్థలమో ఉంటే అటాచ్ చేయించే దారి ఉంది. ఆటో, కూలి పని చేసేవాడి దగ్గర 10,000 రాసినా రాదు. కాబట్టి భరణం వస్తుందన్న ఒక్క లెక్కతో బయటికి రావడం ప్రమాదం. ఆరు నెలలు తన కాళ్ల మీద గడుస్తుందా, పుట్టింటివాళ్లు ఎంతవరకు నిలుస్తారు, భాభీకి ఇబ్బంది లేకుండా ఉండే గది ఉందా అన్నది ముందే నోరు విప్పి అడగాలి. అడగడానికి సిగ్గుపడి వచ్చినవాళ్లే నెల తిరక్కముందు తిరిగి పోతున్నారు.

జహేజ్ సామాను, బంగారం, పెళ్లిలో ఆమెకు బంధువులు ఇచ్చినవన్నీ ఆమెవే. 1986 చట్టంలోనే ఉంది. ఇవ్వని మెహర్ అప్పు కింద లెక్క. తీసుకెళ్లాల్సినవి: నికానామా, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్, రైస్ కార్డు జిరాక్స్, బంగారం ఫొటోలు, బిల్లులు, దెబ్బలు తగిలితే ఆసుపత్రి చీటీ. బ్యాంకు ఖాతా సొంత పేరుతో, సొంత ఫోన్ నంబరుతో ఉండాలి. తల్లికి వందనం డబ్బు, 2025లో పిల్లకు 13,000 చొప్పున వచ్చింది కదా, తల్లి ఖాతాలోనే పడుతుంది. ఆ ఖాతాకు మొగుడి నంబరు లింక్ అయి ఉంటే ఓటీపీ అతనికి పోతుంది. చిన్న సంగతే, కానీ ఇక్కడే చాలామంది ఇరుక్కుంటున్నారు.

వకీలు ఫీజుకు భయపడనక్కర్లేదు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. వాయిదాలకు తిరగడానికి స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ బస్సు ఉచితం.

పిల్లలకు ఎట్లా చెప్పాలి

ఉండాలనుకున్నా, విడిపోవాలనుకున్నా పిల్లలకు తెలియదు అనుకోవడం పెద్దల భ్రమ. ఆరేళ్ల పిల్ల "నేను అల్లరి చేశానని అబ్బా పోయాడా" అనుకుంటుంది. అది ఎవరూ అడగరు కాబట్టి ఎవరికీ చెప్పదు. వీలైతే తల్లీ తండ్రీ ఇద్దరూ కూర్చొని, చిన్న మాటల్లో చెప్పాలి. తప్పు నీది కాదు, ఇద్దరమూ నీకు ఉంటాం, ఏ ఇంట్లో పడుకుంటావు, ఏ స్కూల్‌కు పోతావు అని. కారణాలు, ఎవరిది తప్పు అన్నవి పిల్లలకు అక్కర్లేదు.

దాదీ ఇంట్లో అమ్మను తిట్టడం, నానీ ఇంట్లో అబ్బాను తిట్టడం ఆపాలి. పిల్లాడు ఆ ఇద్దరిలో సగం సగం కదా, ఎవరిని తిట్టినా వాడికే తగులుతుంది. ఈద్‌కు ఎక్కడ, బక్రీద్‌కు ఎక్కడ, సున్తీకి ఎవరు రావాలి, ఎండాకాలం సెలవులు ఎవరి దగ్గర అన్నవి ముందే రాసుకుంటే ప్రతి పండక్కీ గొడవ ఉండదు. కోర్టులో రాజీ కాగితం రాయించేటప్పుడే వకీలుకు చెప్పి ఇవన్నీ అందులో చేర్పించుకోవచ్చు. అడగకపోతే ఎవరూ రాయరు.